కూలిన ఎఫ్450 క్వాడ్‌కాప్టర్‌ను మళ్లీ కడుతున్నాం: ఈసారి పడినా విరగకుండా ఏం చేయాలి?

ప్రశ్న: నల్లగొండ గాలిపటం

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో ఉంటాను. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఇద్దరం ఆరు నెలలపాటు సెలవు రోజుల్లో కూర్చొని ఒక క్వాడ్‌కాప్టర్ (నాలుగు రెక్కల డ్రోన్) కట్టుకున్నాం. ఎఫ్450 ప్లాస్టిక్ ఫ్రేము, 2212 సైజు 920 కేవీ (వోల్టుకు నిమిషానికి 920 చుట్లు) మోటార్లు నాలుగు, 30 ఆంపియర్ల ఈఎస్‌సీలు (మోటార్ల వేగాన్ని నడిపే చిన్న బోర్డులు), 10 అంగుళాల ప్లాస్టిక్ రెక్కలు, ఆర్డుపైలట్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించిన, యంత్రాన్ని నడిపే పిక్స్‌హాక్ బోర్డు, చిన్న స్తంభం మీద జీపీఎస్, 3 సెల్లుల 2200 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ. అన్నీ బిగించి తూకం వేస్తే 1.25 కిలోలు వచ్చింది.

మొన్న ఆదివారం పొద్దున ఏడు గంటలకు తిప్పర్తి దారిలో మా బావమరిది వరి పొలంలో ఎగరేశాం. కోత అయిపోయి కొయ్యకాళ్లు మాత్రమే మిగిలాయి, చుట్టుపక్కల మనుషులెవరూ లేరు. మొదటి నాలుగు నిమిషాలు చెప్పినట్టు విన్నది. తరువాత సుమారు 15 మీటర్ల ఎత్తులో లాయిటర్ మోడ్‌లో (జీపీఎస్ సాయంతో ఒకేచోట నిలబడే పద్ధతి) కదలకుండా నిలబడి ఉన్నది కాస్తా, ఒక్కసారిగా ముందుకూ ఎడమకూ ఒరిగి, గిరగిరా తిరుగుతూ నేలకు వచ్చి పడింది. నేను స్టిక్కులు పట్టుకొనే ఉన్నాను గానీ ఏం చేసినా పలకలేదు.

ముందు ఎడమవైపు ఆర్మ్ (మోటారును మోసే చెయ్యి) నడిమి ప్లేటుకు బిగించే చోట, సరిగ్గా స్క్రూ రంధ్రాల దగ్గర, రెండు ముక్కలైంది. వెనుక ఎడమ ఆర్మ్ అడుగున పగులు వచ్చింది. రెక్కలు మూడు విరిగాయి, జీపీఎస్ స్తంభం ఊడి వైరు మీద వేలాడుతోంది, ల్యాండింగ్ కాళ్లలో రెండు జాడ లేవు. బ్యాటరీ ఒక మూల సొట్టపోయింది కానీ ఉబ్బలేదు, వోల్టేజీ 11.4 చూపిస్తోంది. మేము అక్కడికి చేరేసరికి ఒక మోటారు కొయ్యకాళ్లలో ఇరుక్కుపోయి, తిరగడానికి గింజుకుంటూ కీచుమంటోంది. పరుగెత్తి వెళ్లి బ్యాటరీ పీకేశాను. మా అబ్బాయి ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

గాలి తెర గట్టిగా కొట్టి ఉంటుందని నా అంచనా. ఈసారి ఎంత ఎత్తు నుంచి పడినా విరగకుండా కట్టాలని అనుకుంటున్నాను. ప్లాస్టిక్ ఆర్మ్‌ల బదులు కిటికీలకు వాడే చదరపు అల్యూమినియం సెక్షన్ కోయించి పెట్టాలని, కార్బన్ రెక్కలు వేయాలని, బోర్డు మీద ఇనుప తీగతో పంజరం అల్లాలని, ఎలాగూ మళ్లీ విప్పాం కాబట్టి 5200 ఎంఏహెచ్ బ్యాటరీ పెట్టాలని ఆలోచన. డబ్బు పెట్టేముందు అనుభవం ఉన్నవారి మాట వినాలని అడుగుతున్నాను.

జవాబు: పాలమూరు వైండింగ్

గాలిపటం గారూ, నమస్తే. మహబూబ్‌నగర్‌లో నాది మోటారు వైండింగ్ పని. పగలంతా బోరు మోటార్లు, రాత్రి తీరిక దొరికితే ఈ చిన్న మోటార్లు. మీకు ముందుగా చెప్పవలసింది ఒకటే ఉంది: ఎందుకు పడిందో తేలేవరకు ఒక్క స్క్రూ కూడా కొత్తది బిగించకండి. కారణం లోపలే ఉండిపోతే మీరు ఎంత గట్టి ఫ్రేము కట్టినా అది మళ్లీ పడుతుంది, ఈసారి ఇంకా బరువుగా పడుతుంది.

గాలి తెర అన్నది నాకు నమ్మబుద్ధి కావడం లేదు. గాలి కొడితే యంత్రం పక్కకు కొట్టుకుపోతుంది, నిలదొక్కుకోవడానికి తంటాలు పడుతుంది, అంతేగాని ఒక మూలకు కుంగి గిరగిరా తిరగదు. ఒకే మూలకు కుంగిందంటే ఆ మూలన ఎత్తే బలం పోయిందని అర్థం. మీరు చెప్పిన ప్రకారం అది ముందు ఎడమ మూల.

ఇది ఊహతో తేల్చుకోవలసిన అవసరం లేదు. పిక్స్‌హాక్‌లోని మెమరీ కార్డు మీద ప్రతి ఎగురుడూ రాసి ఉంటుంది. కార్డు తీసి కంప్యూటర్‌లో పెట్టి, మిషన్ ప్లానర్ అనే ప్రోగ్రాములో ఆ రోజు లాగ్ (ఎగురుడు రికార్డు) తెరిచి, ఆర్‌సీఓయూ అనే పేరు కింద ఉండే సీ1 నుంచి సీ4 వరకు నాలుగు గీతలను ఒకే పటం మీద గీయించండి. అవి నాలుగు మోటార్లకు బోర్డు ఇచ్చిన ఆజ్ఞలు. పడే ముందు క్షణంలో వాటిలో ఒకటి పూర్తి పైకి లేచి, దానికి ఎదురు మూలలో ఉన్నది పూర్తి కిందికి దిగితే, పైకి లేచిన గీత తాలూకు మోటారు బలం ఇవ్వలేదన్నమాట. బోర్డు ఆ మూలను లేపడానికి ఇంకా ఇంకా అడుగుతోంది, అక్కడినుంచి జవాబు రావడం లేదు. ఆర్డుపైలట్‌లో ఎక్స్ ఆకారపు క్వాడ్‌కు ముందు కుడి ఒకటి, వెనుక ఎడమ రెండు, ముందు ఎడమ మూడు, వెనుక కుడి నాలుగు. వరసగా గుండ్రంగా అంకెలు వేసుకొని చూస్తే పొరబడతారు, చాలామంది అక్కడే తప్పు మోటారు మార్చేస్తారు.

అలా కాకుండా ఎత్తు ఇంకా 15 మీటర్లు చూపిస్తుండగానే లాగ్ టక్కున ఆగిపోయి ఉంటే బోర్డుకే కరెంటు పోయింది, అప్పుడు బోర్డుకు కరెంటు ఇచ్చే పవర్ మాడ్యూలును, బ్యాటరీ కనెక్టరును అనుమానించాలి. వైబ్ అన్న పేరు కింద కంపనం కూడా చూడండి. 30 దాటనంతవరకు భయం లేదు, 60 దాటితే ఎత్తు, స్థానం రెండూ నమ్మదగ్గవి కావు.

మరొకటి. పడిన తరువాత మోటారు ఇంకా కీచుమంటోందని రాశారు. ఆర్డుపైలట్‌లో క్రాష్ చెక్ అని ఒకటి ఉంటుంది. యంత్రం ఉండవలసిన వాలు కంటే 30 డిగ్రీలకు మించి ఒరిగి రెండు సెకన్లపాటు అలాగే ఉంటే మోటార్లను అదే ఆపేస్తుంది. మామూలుగా అది పనిచేస్తూనే ఉంటుంది. మీ దాంట్లో ఎవరైనా ఆపేశారేమో చూడండి. రెక్క ఇరుక్కున్న మోటారుకు కరెంటు పోతూ ఉంటే తీగ చుట్టు మాడిపోతుంది, దానితోపాటు ఈఎస్‌సీ కూడా పోతుంది.

ఆ సొట్టపోయిన బ్యాటరీని మాత్రం ఇంట్లో పెట్టకండి. వోల్టేజీ బాగుందని దానిని మళ్లీ చార్జింగ్‌కు పెట్టవద్దు. లైపో లోపల పొరలు ఎక్కడ నలిగాయో పైనుంచి కనిపించదు, చార్జింగ్ మీద ఉన్నప్పుడే అది బయటపడుతుంది. ఆరుబయట ఇసుక పోసిన మట్టి కుండలో పెట్టి, బండి ఇండికేటరుకు వాడే 12 వోల్టుల బల్బు తగిలించి పూర్తిగా దింపేసి, ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇచ్చేయండి.

నల్లగొండ గాలిపటం

పాలమూరు గారూ, మీరు చెప్పినట్టే చేశాం. ఫలితం చూసి నాకూ మా అబ్బాయికీ కొంతసేపు మాట రాలేదు.

పడే ముందు అర సెకనులో సీ3 గీత నిట్టనిలువునా 1950 దాకా, అంటే దాదాపు చివరి హద్దుదాకా లేచింది, సీ4 అడుగుకు దిగింది. అంటే మూడో మోటారే, ముందు ఎడమది. వైబ్ 14 నుంచి 18 మధ్యలోనే ఉంది, బ్యాటరీ వోల్టేజీలో తేడా లేదు, లాగ్ నేలను తాకేదాకా నడిచింది. గాలి సంగతి నేను ఊహించుకున్నదే.

మోటారును చేత్తో తిప్పి చూశాం, నున్నగానే తిరిగింది. ఈఎస్‌సీని వేరే మోటారుకు తగిలిస్తే పనిచేసింది. రెంటి మధ్య ఉన్నవి మూడు బుల్లెట్ కనెక్టర్లే (ఒకదానిలో ఒకటి దూర్చే గుండ్రటి పిన్నులు). వాటి మీద వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం చక్కగా, ఎర్రగా, కొత్తదానిలా ఉంది. మా అబ్బాయి బ్లేడుతో ఒక్కొక్కటి నిలువుగా చీల్చాడు. మొదటి రెంటిలో టంకం మెరుస్తూ వైరు పోగుల మధ్యకు దిగి ఉంది. మూడోదానిలో టంకం బూడిద రంగులో, రవ్వరవ్వగా, వైరు చుట్టూ గుల్లలా ఉంది. లాగీ లాగకముందే వైరు అందులోంచి ఊడి వచ్చింది. వైరు చివర పోగులకు టంకం అంటనే లేదు. ఇన్నాళ్లూ ఆ గొట్టం బిగువే దాన్ని పట్టి ఉంచిందన్నమాట. ఆ కనెక్టరు వేసింది నేనే. ఆ రోజు కరెంటు వస్తూ పోతూ ఉంటే, ఐరన్ సరిగ్గా కాగకముందే పని ముగించేశాను.

క్రాష్ చెక్ విషయం కూడా నిజమే. ఎగరేముందు నేల మీద ఊరికే ఆగిపోతోందని మా అబ్బాయి ఎక్కడో చూసి దాన్ని ఆపేశాడట. మళ్లీ పెట్టాం.

ఇప్పుడు రెండు సందేహాలు. టంకం సరిగ్గా పడిందని బయటినుంచి ఎలా తెలుసుకోవాలి? కారణం తెలిసింది కాబట్టి అల్యూమినియం ఆలోచన మానుకోవాలా, లేక రెండూ చేయాలా?

జవాబు: పాలమూరు వైండింగ్

ఇది నాకు రోజూ కనిపించే జబ్బే. బోరు మోటారుకు మూడు ఫేజుల్లో ఒకటి పోతే అది గుంయ్‌మని మూలుగుతుంది గాని తిరగదు, స్టార్టరు పడకపోతే చుట్టు కాలిపోతుంది. మీ చిన్న మోటారూ మూడు ఫేజులదే. ఒక వైరు వదిలేసినా మొత్తం పోయినట్టే. ఆరు రెక్కల యంత్రమైతే ఒక మోటారు పోయినా ఎలాగోలా దిగవచ్చు, నాలుగు రెక్కలదానికి ఆ వెసులుబాటు లేదు.

అతికేముందు వైరునూ కనెక్టరునూ కరిగిన టంకంతో విడివిడిగా తడపాలి. ఐరన్ మొన 350 నుంచి 400 డిగ్రీల మధ్య ఉండాలి, మొన సన్నటి సూదిలా కాకుండా ఉలి మాదిరి వెడల్పుగా ఉండాలి, ఎందుకంటే లావు కనెక్టరు ఆ వేడిని ఒక్క క్షణంలో గుంజుకుంటుంది. 63/37 సీసం కలిపిన టంకం వాడండి. అది 183 డిగ్రీల దగ్గర ఒక్కసారే కరిగి ఒక్కసారే గడ్డకడుతుంది, మధ్యలో పేస్టులా ఉండే దశ లేదు కాబట్టి చెయ్యి కదిలినా పాడయ్యే అవకాశం తక్కువ. రోసిన్ ఫ్లక్సు కొద్దిగా రాసి, వైరుకు టంకం తగిలించి, అది పోగుల్లోకి తనంతట తాను పాకేదాకా ఆగండి. చల్లారేదాకా ఊదకండి, కదల్చకండి. గొట్టం తొడిగేముందు ప్రతి అతుకునూ పట్టకారుతో గట్టిగా లాగండి. ఈ లాగుడు పరీక్షే మీ మొదటి సందేహానికి జవాబు. ఇంకా మంచి పని ఏమిటంటే, ఆ బుల్లెట్ కనెక్టర్లనే తీసేసి మోటారు వైరును ఈఎస్‌సీకి నేరుగా అతకండి. కనెక్టరు ఉంటే మోటారు తిప్పే దిక్కు మార్చడం సులువన్న మాట నిజమే గాని, ఆ పని ఒక్కసారే చేస్తాం, వదులయ్యే అతుకులు మాత్రం పన్నెండు మిగులుతాయి.

అంతా అతికాక మొదటిసారి బ్యాటరీ పెట్టేటప్పుడు 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటరు బల్బును ప్లస్ వైరు మధ్యలో కట్టి పెట్టండి. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే లైను బాగుంది. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు ఉంది, కానీ బల్బు అడ్డం ఉండబట్టి ఏదీ కాలలేదు. బల్బు ఉండగా మోటార్లు తిప్పకండి, రెక్కలు ఆ రోజు పెట్టెలోనే ఉండనివ్వండి.

ఫ్రేము సంగతి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఉన్నారు, వాళ్లకు వదిలేస్తున్నాను.

జవాబు: నారాయణపేట మగ్గం

అల్యూమినియం వద్దని నా గట్టి అభిప్రాయం. రెండేళ్ల క్రితం నేనూ అదే దారిన వెళ్లి, అదే కిటికీ సెక్షన్ కోయించి, ఎనిమిది మీటర్ల నుంచి పడేసుకున్నాను. ఆర్మ్ విరగలేదు, సొట్ట కూడా కనబడలేదు. కానీ మోటారు ఇరుసు వంగింది, రెండు బేరింగులు పోయాయి, బోర్డు అతికించిన చోటునుంచి లేచిపోయింది. పడ్డప్పటి దెబ్బ ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. ఆర్మ్ తీసుకోకపోతే అది మోటారు తీసుకుంటుంది, మోటారు తీసుకోకపోతే బోర్డు తీసుకుంటుంది. ఎఫ్450 ఆర్మ్ స్క్రూల దగ్గర విరిగిందని మీరు బాధపడుతున్నారు కానీ, మీ వస్తువులన్నింటిలో చవకైనవాటిలో అదొకటి, అది విరగబట్టే మోటారు నున్నగా తిరుగుతోంది.

లెక్క చూడండి. గాలి అడ్డును పక్కన పెడితే 15 మీటర్ల నుంచి పడే వస్తువు నేలకు తగిలేసరికి సెకనుకు 17 మీటర్ల వేగం అందుకుంటుంది, అంటే గంటకు 60 కిలోమీటర్ల పైమాటే. ఆ దెబ్బ బరువును బట్టి, ఎత్తును బట్టి పెరుగుతుంది. అల్యూమినియం, పంజరం, పెద్ద బ్యాటరీ కలిపి మీ యంత్రాన్ని 1.25 నుంచి 1.75 కిలోలకు తీసుకువెళ్తే, అదే ఎత్తునుంచి పడ్డా దెబ్బ 40 శాతం పెరుగుతుంది. కాపాడటానికి పెట్టిన బరువే కొట్టడానికి వస్తుంది. 2200 బ్యాటరీనే ఉంచండి, రెండోది కొని మార్చుకుంటూ ఎగరేయండి.

కాబట్టి విరగకుండా ఎలా కట్టాలి అని కాకుండా, ఏది ముందు విరగాలి అని మీరిద్దరూ కూర్చొని నిర్ణయించుకోండి. నా యంత్రంలో ఆ వరస ఇలా ఉంటుంది. మొట్టమొదట కాళ్లు పోవాలి, తరువాత రెక్కలు, తరువాత జీపీఎస్ స్తంభం, ఆ తరువాతే ఆర్మ్. కాళ్లకు నేను కొన్నవేవీ వాడను. పొలంలో పాతబడిన 16 మిల్లీమీటర్ల డ్రిప్పు పైపును జానెడు కోసి, ఉంగరంలా వంచి, ప్రతి ఆర్మ్ చివర అడుగున రెండు కేబుల్ టైలతో కట్టేస్తాను. గట్టిగా దిగితే పైపు చదునై మళ్లీ లేస్తుంది, పడితే టైలు తెగి పైపు దూరంగా పడుతుంది. జీపీఎస్ స్తంభాన్ని లోహపు స్క్రూలతో కాకుండా నైలాన్ స్క్రూలతో బిగించండి, వైరును కొంచెం వదులుగా మడతపెట్టి ఉంచండి. స్క్రూ విరిగితే స్తంభం పక్కకు పడుకుంటుంది, వైరు తెగదు. రెక్కలు ప్లాస్టిక్కే ఉండాలి. కార్బన్ రెక్క విరగడానికి ఇష్టపడదు, ఆ దెబ్బంతా ఇరుసుకు పంపుతుంది, పైగా వేలికి తగిలితే కత్తి.

ఆర్మ్ మూలాన్ని కొంచెం బలపరచాలనుంటే ఒక పద్ధతి ఉంది. మాది మగ్గం పని చేసే ఇల్లు, కండె చుట్టడం చిన్నప్పటి నుంచి చూసిన చెయ్యి. కొత్త ఆర్మ్‌ను ప్లేటుకు తగలని చోట, స్క్రూ రంధ్రాలు దాటిన రెండు అంగుళాల మేర సాండ్ పేపరుతో గరుకు చేసి, పాలిస్టరు దారాన్ని పోగు పక్కన పోగు ఆనేలా, ఖాళీ కనబడకుండా, బిగువు ఎక్కడా మారకుండా రెండు వరసలు చుట్టి, రెండు ట్యూబుల ఎపాక్సీ పలుచగా పూసి, ఒక రాత్రి ఆరనివ్వండి. ఆర్మ్ పగిలినా ముక్కలు విడిపోకుండా దారం పట్టుకుంటుంది, మోటారు వైర్లు తెగవు. నూలు దారం వాడి దానిమీద ఫెవిక్విక్ లాంటి జిగురు మాత్రం పోయకండి. ఆ జిగురు నూలుకు తగిలితే అప్పటికప్పుడు వేడెక్కి పొగ వస్తుంది. నా వేలు ఒకసారి బొబ్బలెక్కింది.

జవాబు: మిర్యాల పొలంగట్టు

మగ్గం గారు చెప్పిన వరసతో నేను ఏకీభవిస్తాను, ఒక్కచోట తప్ప. పగిలిన వెనుక ఎడమ ఆర్మ్‌ను కూడా దారం చుట్టి వాడుకోవచ్చని ఎవరైనా చదువుకుంటారేమోనని నా భయం. ఆ పని చేయకండి. నైలాన్ ప్లాస్టిక్ మీద ఏ జిగురూ గట్టిగా పట్టదు, పగులు లోపల పాకుతూనే ఉంటుంది. అతికిన ఆర్మ్ ఎగురుతున్నప్పుడు ఊగుతుంది, ఆ ఊపును బోర్డు యంత్రం కదలికగా లెక్కపెట్టి దిద్దబోతుంది, చివరికి మోటార్లు వేడెక్కుతాయి. పాత ఆర్మ్‌ను టంకం నేర్చుకునేటప్పుడు వైరు పట్టుకునే స్టాండుగా వాడుకోండి, గాలిలోకి మాత్రం కొత్తదే పంపండి.

నేను మిర్యాలగూడ వైపు మందు చల్లే డ్రోన్ల మీద పనిచేస్తాను, మా దగ్గర ప్రతి దిగుడుకూ చేసే ఒక పని మీకూ పనికొస్తుంది. మీరు పడింది వరి మడిలో కాబట్టి ఈసారి తప్పించుకున్నారు. చెల్క నేలలో పడితే ఆ ఎర్రమట్టిలో ఉండే నల్లటి ఇనుప ఇసుక మోటారు లోపలి అయస్కాంతాలకు పట్టుకుంటుంది. ఊదితే పోదు, తిప్పితే గరగరమంటుంది, అలాగే ఎగరేస్తే చుట్టు మీది వార్నిష్ గీకుకుపోతుంది. ఇన్సులేషన్ టేపును జిగురు వైపు పైకి వచ్చేలా సన్నగా చుట్టి, సందులో దూర్చి, అద్దుతూ తీయాలి. ఓపిక కావాలి, ఒక్కో మోటారుకు పావుగంట పడుతుంది. పత్తి చేనులో కోత తరువాత ఎగరేయకండి. నిలబడి ఉన్న పత్తికట్టె బ్యాటరీలోకి మేకులా దిగుతుంది. ఎక్కడ ఎగరేసినా బ్యాటరీకీ నేలకూ మధ్య ఒక పలుచటి ప్లాస్టిక్ రేకు కట్టడం మంచిది. దానికయ్యే బరువు ఇరవై గ్రాములు కూడా ఉండదు.

బోర్డుకు పంజరం అక్కరలేదు, అసలు జీపీఎస్ దగ్గర ఇనుము ఉండనే కూడదు. దిక్సూచి కూడా అందులోనే ఉంటుంది. ఇనుప తీగ పెడితే లాయిటర్‌లో యంత్రం ఒకచోట నిలబడకుండా పెద్ద పెద్ద సున్నాలు చుడుతూ దూరం జరుగుతుంది. బ్యాటరీ నుంచి వచ్చే ప్లస్, మైనస్ వైర్లను పురి పెట్టి, స్తంభానికి దూరంగా నడిపించండి. స్తంభం ఊడి మళ్లీ బిగించారు కాబట్టి బాణం గుర్తు ముందుకే ఉందని చూసుకొని, దిక్సూచి కాలిబ్రేషను మళ్లీ చేయాలి. అది ఇంట్లో, ఇనుప బీరువా పక్కన చేయవద్దు, పొలానికి వెళ్లి బండికి దూరంగా నిలబడి చేయండి.

సిగ్నల్ పోతే ఏం చేయాలో యంత్రానికి చెప్పారా అన్నది ఇంతవరకు ఎవరూ అడగలేదు. కొన్ని రిసీవర్లు సిగ్నల్ పోయినా చివరిగా విన్న ఆజ్ఞనే బోర్డుకు చెబుతూ ఉంటాయి, అప్పుడు బోర్డుకు అంతా బాగున్నట్టే ఉంటుంది. రెక్కలు విప్పి, మోటార్లు మెల్లగా తిరుగుతుండగా, రిమోట్ స్విచ్ ఆపి చూడండి. బోర్డు వెంటనే ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోయినప్పటి రక్షణ) అని చూపించకపోతే అది సరిదిద్దేదాకా ఇంటి గేటు దాటకండి. బ్యాటరీ అలారాన్ని సెల్లుకు 3.5 వోల్టులకు, అంటే మీ మూడు సెల్లులకు 10.5కు పెట్టుకోండి.

మీ బరువు 250 గ్రాములకూ 2 కిలోలకూ మధ్య ఉంది కాబట్టి 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం అది మైక్రో తరగతి. వ్యాపారానికి కాకుండా సరదాకు ఎగరేసేవారికి ఆ తరగతిలో పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు. అయితే ఆ పొలం గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగల చోటులో) ఉందో లేదో డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ పటంలో చూసుకోవాలి, గ్రీన్ జోన్‌లో కూడా 400 అడుగుల ఎత్తే హద్దు. మీరు 15 మీటర్లే ఎగరేస్తున్నారు కాబట్టి ఎత్తుతో చిక్కు లేదు, పటం మాత్రం చూడండి.

నల్లగొండ గాలిపటం

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాలు పట్టింది, ఈ రోజు పొద్దున మళ్లీ ఎగరేశాం.

కొత్త ఆర్మ్‌లు రెండు తెప్పించాం, నాలుగింటికీ మూలం దగ్గర దారం చుట్టాం. మొదటిది వంకరగా వచ్చింది. మా అబ్బాయి దాన్ని విప్పి మళ్లీ చుట్టాడు, నాలుగోదానికి వచ్చేసరికి పోగులు కొలబద్ద పెట్టినట్టు పడ్డాయి. బుల్లెట్ కనెక్టర్లు పన్నెండూ తీసేశాం. తీసేటప్పుడు మరొకదానిలో కూడా అదే బూడిదరంగు టంకం కనబడింది, అది రెండో మోటారుది. ఈసారి టంకం అంతా మా అబ్బాయే వేశాడు, నేను పట్టకారుతో లాగి చూశాను. డ్రిప్పు పైపు కాళ్లు కట్టాం. తూకం 1.22 కిలోలు, మునుపటికంటే 30 గ్రాములు తగ్గింది. బల్బు పెట్టి బ్యాటరీ తగిలిస్తే ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. ఆ మెరుపు చూసి మా ఆవిడ ఏదో కాలిందనుకొని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

రిమోట్ ఆపి చూస్తే ఫెయిల్‌సేఫ్ రాలేదు. పొలంగట్టు గారు ఆ మాట రాయకపోతే మేము చూసేవాళ్లం కాదు. రిసీవర్ సెట్టింగు మార్చాక మూడుసార్లు ఆపాం, మూడుసార్లూ వచ్చింది.

పొలంలో ముందు నడుము ఎత్తులో ఒక నిమిషం నిలబెట్టి, దించి, నాలుగు మోటార్లనూ వేలితో తాకి చూశాం. మూడు గోరువెచ్చగా ఉన్నాయి, మూడో నంబరుది మాత్రం వేలు ఆనించలేనంత వేడిగా ఉంది. అక్కడితో ఆపేసి ఇంటికి తెచ్చాం. చేత్తో తిప్పితే ఇప్పటికీ నున్నగానే తిరుగుతోంది. ఆ మోటారు విప్పి కొత్త ఆర్మ్‌కు బిగించేటప్పుడు పాత స్క్రూలు రెండు కనబడక, డబ్బాలో ఉన్న కొంచెం పొడుగువి వేశాం. అది కారణం కావచ్చా?

జవాబు: పాలమూరు వైండింగ్

అదే కారణం అయి ఉంటుంది, ఆపేసి మంచి పని చేశారు. పొడుగు స్క్రూ మోటారు అడుగునుంచి లోపలికి వెళ్లి తీగ చుట్టును తాకుతుంది. వార్నిష్ గీకుకుపోతే రెండు స్క్రూల మీదుగా షార్టు ఏర్పడుతుంది. బ్యాటరీ తీసేసి, రెండు స్క్రూలనూ విప్పి, ఆర్మ్ మందాన్ని కొలిచి, లోపలికి రెండున్నర మిల్లీమీటర్లకు మించకుండా దిగేవి వేయండి. వేయకముందు మల్టీమీటరును కంటిన్యుటీలో పెట్టి, ఒక ముల్లు మోటారు వైరుకు, ఇంకొకటి మోటారు లోహపు ఒంటికి ఆనించి, మూడు వైర్లూ ఒక్కొక్కటిగా చూడండి. బీప్ వస్తే ఆ మోటారు ఇక ఎగరకూడదు. బీప్ రాకపోయినా పైనుంచి టార్చి వేసి చుట్టును చూడండి. స్క్రూ మొన తగిలిన చోట రాగి మెరుస్తుంటే నాకు పంపించండి, చుట్టి ఇస్తాను.

నల్లగొండ గాలిపటం

బీప్ రాలేదు. టార్చి వేసి చూస్తే ఒకచోట ఆవగింజంత మేర రాగి మెరుస్తోంది. రేపు మహబూబ్‌నగర్ బస్సుకు మా అబ్బాయే మోటారు పట్టుకొని వస్తానంటున్నాడు, చుట్టడం పక్కన కూర్చొని చూడనిస్తారా అని అడగమన్నాడు.

జవాబు: పాలమూరు వైండింగ్

తప్పకుండా రమ్మనండి. పది గంటలకల్లా వస్తే బోరు మోటార్లు మొదలుపెట్టకముందే దాని పని చూద్దాం. ఆ రెండు పొడుగు స్క్రూలు కూడా వెంట తెమ్మనండి, ఎంత పొడుగు దిగిందో కొలుద్దాం.